నూర్ స్టూడియో షోకేసులో కృష్ణవేణవ్వ

కృష్ణవేణవ్వకు తన అందం మీద ఉన్నంత నమ్మకం దేవుడి మీద కూడా ఉండేది కాదు. దేవుడు అప్పుడప్పుడు పొరపాట్లు చేస్తాడనీ, అందుకు తన పుట్టుకే సాక్ష్యమనీ, ఆ పొరపాటును తాను సొంత ఖర్చుతో దిద్దుకున్నాననీ అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పేది.

దిద్దుకోవడంలో ఎక్కడా కక్కుర్తి పడలేదు. కళ్ళకు దిట్టంగా కాటుక, ముక్కుకు రెండువైపులా పుడకలు, ముడి చుట్టూ కనకాంబరాలు, మోచేతి దాకా గాజులు. అరవై దాటిన మనిషి పుంగనూరు బజారులో నడిచి వస్తుంటే, ఆ రోడ్డు పట్టా తన పేరున ఉన్నట్టే ఉండేది. పక్కన ఆవు. పుంగనూరు ఆవు మనిషి నడుము దాకా కూడా రాదు. అవ్వ ఏమో గుమ్మంలో తల వంచి దూరాల్సినంత పొడుగు. ఇద్దరూ కలిసి పోతుంటే పిల్లలు బడి మానేసి చూసేవాళ్ళు. అవ్వ వాళ్ళను తిట్టేది కాదు. "సూడండ్రా, బాగా సూడండి. మీ అయ్యవారు సూపించలేడు ఇంత అందం" అని కొంగు సర్దుకుని సాగిపోయేది.

అవ్వ పుట్టింది సోమల పక్క పల్లెలో, భూమి ఉన్న సేద్యగాళ్ళ ఇంట్లో, మగపిల్లాడిగా. పందొమ్మిదేళ్ళ వయసులో ఒకరోజు అక్క చీర కట్టుకుని వాకిట్లోకి వచ్చింది. తండ్రి కొట్టలేదు, అరవలేదు. "ఉన్నదున్నట్టు ఉండరా" అన్నాడు, అంతే. ఉన్నదున్నట్టు ఉండడానికే చీర కట్టుకున్నానని చెప్పాలని నోటిదాకా వచ్చింది గానీ చెప్పలేదు. ఆ సాయంత్రమే బెంగళూరు బస్సెక్కింది. అక్కడ హిజ్రాల ఇంట్లో చేరి, గురువు చేతిమీదుగా కృష్ణవేణి అన్న పేరు తెచ్చుకుని, నడివయసులో తిరిగి వచ్చి పుంగనూరులో రేకుల ఇల్లు కట్టుకుంది. సోమలకు మాత్రం మళ్ళీ పోలేదు.

మంగళవారం వస్తే మదనపల్లె టమోటా మార్కెట్టులో అవ్వకు పని. అవ్వ చెయ్యి మంచిదని మండీల వాళ్ళకు గట్టి నమ్మకం. మొదటి బుట్ట మీద అవ్వ చెయ్యి పెట్టి దీవించి బోణీ చేస్తేగానీ వేలంపాట మొదలయ్యేది కాదు. ఆ ఒక్క పూట అంతటి ఆసాములూ పంచె సర్దుకుని "రామ్మా కృష్ణవేణమ్మా, ఈడ ఈడ" అని పిలిచేవాళ్ళు. అవ్వ కూడా తొందరపడేది కాదు. ఎవరి మండీకి ముందు పోవాలో, ఎవరిని కాసేపు ఎండలో నిలబెట్టాలో బాగా తెలుసు.

బోణీలు అయ్యాక నేరుగా పుంగనూరు బస్సెక్కేది కాదు. బెంగళూరు బస్టాండు పక్క సందులో, అలావుద్దీన్ నడిపే నూర్ ఫోటో స్టూడియో ముందు ఆగేది. స్టూడియో వాకిలి పక్కన గోడకు తాళం వేసిన అద్దాల షోకేసు ఉండేది. బాగా వచ్చిన ఫోటోలు తెచ్చి అలావుద్దీన్ అందులో పెట్టేవాడు. తొంభైల మొదట్లో ఆ షోకేసులో చోటు దొరకడమంటే మామూలు మాట కాదు. సంబంధాలు వెతుక్కునేవాళ్ళు బస్సు దిగి, కాఫీ కూడా తాగకుండా ముందు ఆ అద్దం దగ్గరికే వచ్చేవాళ్ళు.

అవ్వ ఆ అద్దం ముందు నిలబడి ఒక్కొక్క ఫోటోకు తీర్పు చెప్పేది.

"ఈ పాప కండ్లు బాగుండాయి. మూతి మాత్రం అలిగినట్టుండాది. ఈయమ్మ మీద నగలే కనపడతాండాయి, మనిషి యాడుండాదో ఎతుక్కోవల్ల. ఈ అబ్బోడు ఊపిరి బిగబట్టుకోని ఉండాడు, త్వరగా వదలమని చెప్పండప్పా."

లోపల అలావుద్దీన్ వింటూ నవ్వుకునేవాడు. ఏళ్ళ తరబడి ఇదే జరుగుతున్నా, తీర్పు చెబుతూ చెబుతూ అవ్వ అద్దంలో పడే తన నీడను ఏదో ఒక ఫోటో పక్కన సరిగ్గా అమర్చుకుని చూసుకుంటుందని మాత్రం అతనికి తెలియదు.

ఒక మంగళవారం అవ్వ మనసులోని కోరిక బయటికే వచ్చింది.

"ఏమప్పా అలావుద్దీనూ, ఊర్లో ఇంతమందిని పెట్నావు. నన్ను యాల పెట్టలా?"

అలావుద్దీన్ ఎగతాళి అనుకున్నాడు. "నువ్వెప్పుడు తీయించుకున్నావమ్మా, పెట్టడానికి?"

"ఇప్పుడు తియ్యి."

అవ్వ జీవితం మొత్తానికి ఉన్నవి రెండే ఫోటోలు. ఒకదాంట్లో నిక్కరు వేసుకుని తండ్రి కాళ్ళ మధ్య నిలబడి ఉంటుంది. రెండోది ఎవరి పెళ్ళిలోదో, వెనక వరసలో సగం మొహం, ఆ సగానికి అడ్డంగా ఎవరి చెయ్యో. రెండింటిలోనూ కృష్ణవేణి అన్న మనిషి లేదు.

"ఫోటో నాకోసరం గాదు సామీ" అంది అవ్వ. "ఇంట్లో అద్దముండాది, రోజూ సూసుకుంటాండా, ఎంత బాగుండానో నాకు తెలుసు. ఈ షోకేసులో పెట్టల్ల. బస్సు దిగినోళ్ళు నిలబడి సూడల్ల. పెట్టేమాటైతే తియ్యి, లేకపోతే వద్దు."

అలావుద్దీన్ నవ్వు ఆగిపోయింది. షోకేసు అంటే అతని వ్యాపారం. పెళ్ళివాళ్ళు ఏమంటారో అని ఒక లెక్క వేసుకుని, కాదనలేక, "బాగా వస్తే పెడతానమ్మా" అన్నాడు.

"రాకుండా యాడికి పోతాది?" అని అవ్వ లోపలికి పోయి స్టూలు మీద కూర్చుంది.

అలావుద్దీన్‌కు స్టూడియో పెట్టినప్పటి నుంచి రెండే పాఠాలు. మగవాళ్ళు కూర్చుంటే "ఛాతీ ముందుకు, చేతులు మోకాళ్ళ మీద" అనేవాడు. ఆడవాళ్ళు కూర్చుంటే "తల కొంచెం పక్కకు వంచు, చూపు పూలకుండీ మీద" అనేవాడు. అవ్వకు ఏ పాఠం చెప్పాలా అని అతను క్షణం కూడా తడుముకోలేదు. తల వంచమన్నాడు, చూపు పూలకుండీ మీద పెట్టమన్నాడు. అవ్వ లోపల్లోపల పొంగిపోయింది. అయితే పొడుగు మనిషి కావడంతో దీపం వెలుగు మెడ మీదికి సరిగ్గా పడలేదు. అలావుద్దీన్ కెమెరా వెనకనుంచి తల బయటపెట్టి అన్నాడు.

"గడ్డం కొంచెం పైకెత్తమ్మా."

అవ్వ చూపు పూలకుండీ మీదనుంచి మెల్లగా అతని మీదికి తిరిగింది.

"ఏమన్నావు?"

"గడ్డం... కొంచెం..."

"యాడుండాదప్పా నాకు గడ్డం?" అవ్వ లేచి నిలబడింది. "తెల్లారకముందే లేసి, చిమ్టా పట్టుకోని, అద్దం ముందర కూసోని, కండ్లల్లో నీళ్ళు కారతాండినా ఒక్కొక్కటే పీక్కోని, పౌడరేసుకోని, పుంగనూరు నుంచి బస్సులో నిలబడుకోని వస్తే, పీటేసి కూసోబెట్టి గడ్డమంటావా నన్ను?"

"అరే, నక్కో అమ్మా, కోపం వద్దు! నేను చెప్పేది ఇదీ..." అని అలావుద్దీన్ తన మూతి కింద వేలు పెట్టి చూపించాడు. ఆ మూతి కింద అతనికి జానెడు గడ్డం ఉంది. దాంతో వ్యవహారం ఇంకా చెడిపోయింది.

పాపం, అలావుద్దీన్ తప్పేమీ లేదు. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. తెలుగు నేర్చుకుంది బళ్ళో, పుస్తకాల్లో. మూతి కింద భాగాన్ని గడ్డం అంటారని పంతులు చెప్పాడు, అతను నమ్మాడు. సోమల పక్క పల్లెల్లో దాన్ని గదుమ అంటారు. అక్కడ గడ్డం అంటే మొలిచేది, గొరిగేది, అంతే. ఆ సంగతి తెలియక అవ్వ ఫోటో వద్దని బస్సెక్కి, పుంగనూరు చేరేదాకా కొంగు మూతికి అడ్డం పెట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. అంత నోరున్న మనిషి.

అలావుద్దీన్ ఇంటికి పోయి భార్య ఫాతిమాకు చెప్పుకుని బాధపడ్డాడు. ఫాతిమా పలమనేరు పక్క పల్లెలో తెలుగువాళ్ళ మధ్య పెరిగింది. నవ్వి నవ్వి దుపట్టాతో కళ్ళు తుడుచుకుంది.

"గదుమ అనాలయ్యా, గదుమ! ఆ మాట రాకుండా ఇన్నేళ్ళు ఎట్లా తీశావు ఫోటోలు?"

మళ్ళీ మంగళవారం పొద్దున, టమోటా బుట్టలు దాటుకుంటూ, లుంగీకి రసం అంటుకున్నా చూసుకోకుండా అలావుద్దీన్ మార్కెట్టులోకి వచ్చాడు. అవ్వను చూడగానే దూరంనుంచే అరిచాడు. "అమ్మా! గదుమ! గదుమ అనాలంట! గదుమ ఎత్తు అన్నాను నేను!"

మండీల వాళ్ళకు ఏమీ అర్థం కాలేదు. వేలం పాడేవాడు గదుమ అంటే కొత్తరకం టమోటా అనుకుని ధర అడిగాడు. అవ్వ మాత్రం ముందు బిగుసుకుని, తర్వాత పెదవి కొరుక్కుని, చివరికి బుట్టలు అదిరేలా నవ్వింది.

"వచ్చే వారం వస్తా. కుప్పం నుంచి అక్కమ్మను గూడా పిలిపిస్తా. ఈసారి ఏ మాటనాల్నో ఇంట్లో అడిగి నేర్చుకోని ఉండు."

అక్కమ్మ అవ్వకు బెంగళూరు నాటి స్నేహితురాలు. ఒకే గురువు దగ్గర పెరిగారు. కృష్ణవేణవ్వ కంటే పెద్దది, నల్లగా, సన్నగా, మాటకు ముందు దగ్గు వచ్చే మనిషి. కుప్పం రైల్వే స్టేషను దగ్గర ఉండేది. ఫోటో తీయించుకోవడం కోసం బస్సులు మారి వచ్చినా, వచ్చీ రాగానే ఫోటో అంటే తనకు అసహ్యమని చెప్పింది.

"నీ సోకు సూసేదానికి వచ్చినా. నాకేమి పని? బొగ్గుముక్కను ఫోటో తీస్తే బొగ్గే గదా వస్తాది."

"అయితే ఆ సంచిలో ఏముండాది?" అని అవ్వ లాక్కుని చూసింది. సంచిలో ఒక నల్ల గొడుగు, ఒక హ్యాండుబ్యాగు, తిరగని చేతిగడియారం, ఇస్త్రీ మడత చెడకుండా పేపర్లో చుట్టిన తెల్లని నూలు చీర ఉన్నాయి. అక్కమ్మ దగ్గింది. ఐదో తరగతి దాకా చదివి, టీచరమ్మ కావాలనుకుని, ఆ మాట ఎవరితోనూ అనకుండా ముసలిదైపోయిన మనిషి. కృష్ణవేణవ్వ సంచి మూసి ఇచ్చేసింది. ఒక్క ఎగతాళి మాట అనలేదు. అవ్వ జీవితంలో అలా నోరు మూసుకున్న సందర్భాలు చాలా తక్కువ.

ఆ రోజు అవ్వ నీరుగట్టువారిపల్లె మగ్గం మీద నేసిన నెమలికంఠం రంగు పట్టుచీర కట్టుకుంది. తెర మీద రంగులతో గీసిన కాశ్మీరు చెరువు, చెరువులో పడవ. అలావుద్దీన్ జాగ్రత్తగా, ఒక్కొక్క అక్షరం ఒత్తి, "గదుమ" అన్నాడు. అవ్వ గదుమ ఎత్తింది. అలా ఎత్తాక ఆ చెరువు తనదే, ఆ పడవ తనదే, కావాలంటే అలావుద్దీన్‌కు కాసేపు అద్దెకిస్తుంది అన్నట్టు కూర్చుంది. ఫిల్ములో ఒకటి మిగిలితే అక్కమ్మను గొడుగుతో నిలబెట్టి అది కూడా తీసేశాడు. అక్కమ్మ వద్దు వద్దంటూనే గడియారం కనబడేలా చెయ్యి తిప్పింది.

ఇక్కడిదాకా బాగానే ఉంది. తర్వాత అలావుద్దీన్‌కు కళ పట్టుకుంది.

ఆ మధ్య ఫోటో కాగితాలు కొనడానికి బెంగళూరు పోయినప్పుడు, అతను ఒక హాలులో పెద్ద పెద్ద బొమ్మలు చూశాడు. అన్నీ ముసలి మొహాలు, దుక్కి దున్నిన చేను లాంటి ముడతలు. సూటుబూటు వేసుకున్నవాళ్ళు వాటి ముందు నిలబడి తలలు ఊపుతున్నారు. అప్పటినుంచి అలావుద్దీన్ మనసులో దురద. కృష్ణవేణవ్వ మొహం చూశాక అది ఇంకా ఎక్కువైంది. స్టూడియోలో తీసిన ప్రతి నెగెటివు మీదా ఫాతిమా సూదిలా చెక్కిన పెన్సిలుతో పనిచేసేది. మచ్చలు, ముడతలు, అమ్మవారు పోసిన గుంతలు, కంటి కింద నలుపు, అన్నీ ఆ పెన్సిలు కింద మాయమయ్యేవి. ఈ నెగెటివు మాత్రం ముట్టుకోవద్దని అలావుద్దీన్ చెప్పాడు. అక్కమ్మ నెగెటివు గురించి చెప్పడం మరిచిపోయాడు.

మంగళవారం వచ్చింది. ముందు అక్కమ్మ ఫోటో బయటికి తీశాడు. అందులో నల్లగా నిగనిగలాడే టీచరమ్మ, ఇంకొంచెం సేపట్లో గంట కొడుతుందన్నట్టు గడియారం చూసుకుంటోంది. అక్కమ్మ దాన్ని ఎత్తి చూసి, దించి చూసి, హ్యాండుబ్యాగులో పెట్టుకుని, మళ్ళీ తీసి చూసింది. దగ్గడం కూడా మరిచిపోయింది.

తర్వాత అలావుద్దీన్ రెండు చేతులతో పట్టుకొచ్చి అవ్వ ఫోటో బల్ల మీద పెట్టాడు. పెద్దది, నలుపు తెలుపుల్లో. ప్రతి ముడతా ఉంది. కంటి కింద సంచులు ఉన్నాయి. దవడ మీద చిమ్టా వదిలేసిన నీడ కూడా ఉంది.

"ఎవురప్పా ఇది?" అంది అవ్వ.

"నువ్వేనమ్మా! ఇంతకంటే గొప్ప ఫోటో నేను తియ్యలేదు. ఒక్క గీత దిద్దలేదు. ఇది కళ అమ్మా. షోకేసులో దీన్నే పెడతాను."

షోకేసు మాట వినగానే ఎగిరి గంతెయ్యాల్సిన మనిషి మెల్లగా స్టూలు మీద కూర్చుంది.

"ఈడికి రా" అని లేచి అతన్ని బయటికి, అద్దం దగ్గరికి లాక్కుపోయింది. "ఈ బ్యాంకాయన పెండ్లానికి మొగమంతా అమ్మవారి గుంతలు. ఫోటోలో యాడుండాయి?"

"ఫాతిమా దిద్దింది."

"ఈ పాపకు పెదవి మీద పుట్టుమచ్చ ఉండల్ల."

"దిద్దింది."

"ఈ గంగాధరప్పకు నెత్తిన ఒక ఎంటిక లేదు. ఈడ సూస్తే క్రాపు దువ్వుకోని ఉండాడు."

అలావుద్దీన్ గొంతు సవరించుకున్నాడు. "ఆయన అడిగాడమ్మా. మండీల సంఘానికి పెద్దమనిషి అయినాడు గదా, కొంచెం జుట్టు ఉంటే బాగుంటుందని..."

"ఊర్లో అందురికీ సెప్పిన అబద్ధం నాకు యాల సెప్పలా?"

"నిన్ను ఉన్నదున్నట్టు చూపించాలని అనుకున్నానమ్మా. మంచికే."

అవ్వ గొంతు తగ్గించింది.

"ఇదే మాట మా నాయన గూడా అన్న్యాడు. ఉన్నదున్నట్టు ఉండమని. ఆయప్పకు కనపడింది ఒకటి, ఈడుండింది ఒకటి." గుండె మీద చెయ్యి పెట్టుకుంది. "నీకు గూడా పైన కనపడేదే ఉన్నది అనిపిస్తే, ఇంక నీ కెమెరా యాల? ముసిలోళ్ళ ముడతలు కళ అయితే నీ ఫోటో తీసుకోని ఏలాడేసుకో అలావుద్దీనూ. నేను అందగత్తెను. అందగత్తెలకు ఏం సేస్తావో అది సెయ్యి."

తెర వెనకనుంచి గాజుల చప్పుడైంది. ఫాతిమా తొంగి చూసి, తమ ఉర్దూలో అక్కా అని పిలిచింది.

"ఆపా, మీరు లోపలికి రండి. ఈయనతో మీకేం మాటలు?"

కిటికీ పక్కన ఏటవాలు బల్ల, మధ్యలో గాజు పలక, కింద వెలుగు కోసం ఒక అద్దం. ఫాతిమా నెగెటివును పలక మీద పెట్టి, పెన్సిలు మొన గరుకు కాగితం మీద తిప్పింది. అవ్వ పక్కన కుర్చీలో, అక్కమ్మ కింద చాప మీద.

"ఎంత వయసు పెట్టమంటారు ఆపా?"

"ముప్పై ఐదు."

"అరవై పెట్టుకో ఫాతిమమ్మా" అంది చాప మీదనుంచి అక్కమ్మ.

"నిన్నెవురడిగినారు? ముప్పై ఐదు."

"యాభై అయితే అతుకుతుంది ఆపా."

"నలభై!"

"నలభై ఎనిమిది."

"నలభై రెండు, ఇంక పాట లేదు" అని అవ్వ బల్ల మీద చెయ్యి కొట్టింది. మార్కెట్టు అలవాటు. నలభై ఐదు దగ్గర బేరం తెగింది.

పెన్సిలు నడవడం మొదలైంది. దవడ నీడ పోయింది. కంటి కింద సంచులు పోయాయి. నుదుటి గీతలు ఒక్కొక్కటే తేలిపోతుంటే అవ్వ ఊపిరి బిగబట్టి చూసింది. కళ్ళ కొసల దగ్గర ఫాతిమా ఆగింది.

"ఇవి నవ్వితే పడే గీతలు ఆపా. నలభై ఐదుకు కూడా ఉంటాయి. ఉండనిద్దామా?"

అవ్వ వంగి చూసుకుంది. "ఉండనీ. ఇవి దీనితో కలిసి తెచ్చుకున్నవి" అని అక్కమ్మను కాలితో పొడిచింది. "ఇది నవ్వించి నవ్వించి నా మొగం పాడుచేసింది."

"మొగమేముండాది పాడయ్యేదానికి" అంది అక్కమ్మ, తన ఫోటో మీదనుంచి కన్ను తీయకుండా.

తర్వాత ఫాతిమా కొత్తగా వేసిన ఫోటోకు రంగులు అద్దింది. చీరకు నెమలికంఠం రంగు, పెదవులకు తమలపాకు వేసుకున్న ఎరుపు, కనకాంబరాలకు కనకాంబరం రంగు. ఆ వారమే షోకేసులో నడిమధ్య చోటు ఖాళీ చేసి అలావుద్దీన్ దాన్ని పెట్టాడు. ఒకపక్క గంగాధరం గారి క్రాపు ఫోటో, ఇంకోపక్క ఆయన కూతురు సుప్రజ. బెంగళూరు బస్సు దిగినవాళ్ళు ఆగి చూశారు. ఎవరీమె అని అడిగారు. పుంగనూరు కృష్ణవేణమ్మ అని అలావుద్దీన్ చెప్పాడు. చెబుతూ ఉంటే అతని గొంతులో కూడా కొంచెం గర్వం వచ్చి చేరింది.

పది రోజులు తిరక్కముందే గంగాధరం దిగాడు. బి.కొత్తకోట పక్క పెద్ద రైతు, మార్కెట్టులో పెద్ద మండీ ఆయనది. అవ్వ ప్రతి మంగళవారం ఆయన బుట్ట మీద కూడా బోణీ చేసేది. నెత్తికి తువ్వాలు చుట్టుకుని, షోకేసు ముందు నిలబడి గట్టిగా అన్నాడు.

"ఏమప్పా అలావుద్దీనూ, మా అమ్మాయికి సంబంధాలు సూస్తాండాము. ఆ పాప పక్కన ఎవుర్ని పెట్నావు? తియ్యి దాన్ని."

చుట్టూ జనం చేరారు. అలావుద్దీన్ చేతిలోకి తాళంచెవి వచ్చింది. గంగాధరం ఇంట్లో పెళ్ళి అంటే ఆల్బమ్, ఫ్రేములు, ఆయన చుట్టాల పెళ్ళిళ్ళు. తాళంచెవి ఇటు తిప్పి అటు తిప్పి నిలబడ్డాడు. అప్పుడే మార్కెట్టు నుంచి అవ్వ సందు మలుపు తిరిగింది. తాళంచెవిని చూసింది. అద్దం వెనక నెమలికంఠం చీరలో కూర్చున్న తనను చూసుకుని, నిలబడ్డచోటే నడుం నిటారు చేసుకుంది.

"గంగాధరప్పా, పొద్దున నీ బుట్ట మీద చెయ్యి పెట్టి వచ్చినా. అప్పుడు పనికొచ్చిన మనిషిని, ఈ పూటకే ఏమైతి?"

"అది యాపారం కృష్ణవేణమ్మా. ఇది ఆడబిడ్డల సంగతి." గంగాధరం ఆమె కళ్ళలోకి చూడకుండా అన్నాడు. "ఉన్నదున్నట్టు ఉంటే నేనేమీ అనను. దిద్దించుకోని ఆడమనిషి మాదిరి కూసుంటివి. జనాన్ని మోసం చేసినట్టు గదా."

"మోసమా?" అవ్వ మెల్లగా అద్దం దగ్గరికి నడిచి, గంగాధరం ఫోటో మీద వేలు పెట్టింది. "మరి ఈ క్రాపు యాడిదప్పా?"

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. గంగాధరం చెయ్యి తనంతట తానే తువ్వాలు మీదికి పోయింది.

"నా గదుమ మీద ఫాతిమమ్మ తీసేసినవి పారేసిందనుకుంటివా?" అవ్వ గొంతు సందు చివరిదాకా వినబడింది. "పొదుపు మనిషప్పా ఆయమ్మ. ఎత్తిపెట్టి నీ నెత్తిన నాటింది. మనిద్దురం ఒక పెన్సిలు బిడ్డలం. అన్నాచెల్లెలు ఒక వరసలో కూసుంటే తప్పేముండాది?"

సందు సందంతా నవ్వింది. కాఫీ క్లబ్బు వాడు కూడా గరిటె పట్టుకుని బయటికి వచ్చి నవ్వాడు. గంగాధరం మొహం ఎర్రబడి, నల్లబడి, ఏమి చెయ్యాలో తెలియక ఆగింది. అలావుద్దీన్ అప్పటిదాకా తిప్పుతున్న తాళంచెవిని ముందుకు చాపాడు.

"గంగాధరం గారూ, ఉన్నదున్నట్టు ఉన్నవే ఉంచాలంటే షోకేసంతా ఖాళీ చెయ్యాల. ఎట్లాగూ తెరుస్తున్నా. ముందు మీది తియ్యమంటారా?"

గంగాధరం తన ఫోటోను చూసుకున్నాడు. ఆ క్రాపు ఆయనకు చాలా ఇష్టం. పెళ్ళినాటి తర్వాత మళ్ళీ అంత బాగా ఎప్పుడూ లేడు.

"ఉండనీలేప్పా" అన్నాడు. "మా పాప ఫోటో మాత్రం ఒక మెట్టు పైన పెట్టు."

"పెట్టుకో అప్పా" అంది అవ్వ ఉదారంగా. "బిడ్డ పైనుండల్ల. నేను పొడుగు మనిషిని, యాడున్నా కనపడతా."

తాళంచెవి అలావుద్దీన్ జేబులోకి పోయింది. అవ్వ మాత్రం పుంగనూరు బస్సు ఎక్కాక, కిటికీ పక్క సీటులో కూర్చుని, ఊరు దాటేదాకా గాజులు సర్దుకుంటూనే ఉంది.

ఆ తర్వాత కుప్పం స్టేషను దగ్గర అక్కమ్మ ఊరుకుంటుందా. తన టీచరమ్మ ఫోటో చూపించి, కృష్ణవేణి షోకేసు కథ చెప్పి, ఊరు ఊరికీ పాకించింది. రామకుప్పం నుంచి, పలమనేరు నుంచి, సరిహద్దు దాటి కోలారు నుంచి వాళ్ళలాంటి పెద్దవాళ్ళు సంచులు పట్టుకుని మదనపల్లె వచ్చారు. ఒకామెకు పెళ్ళికూతురుగా బాసికంతో కావాలి. ఒకామెకు పచ్చజెండా ఊపే రైలు గార్డుగా కావాలి. ఇంకొకామె చంకలో పిల్లాడు కావాలంటే ఫాతిమా తన మనవణ్ణి ఎత్తి ఇచ్చింది. వాడు ఫోటోలో ఏడుస్తూ ఉన్నాడు, ఆమెకు అదే నచ్చింది. కళ అన్న మాట అలావుద్దీన్ మళ్ళీ ఎత్తలేదు. ఏం కావాలమ్మా అని మాత్రం అడిగేవాడు.

రెండువేల సంవత్సరం దాటాక స్టూడియోలో రంగుల ఫోటోలే అయిపోయాయి. షోకేసులో చాలా మొహాలు మారాయి. నడిమధ్య ఉన్నది మారలేదు. ఎండకు నెమలికంఠం కొంచెం వెలిస్తే ఫాతిమా మళ్ళీ అద్దేది.

ఒకరోజు ఒక పెళ్ళికూతురు స్టూడియోలో స్టూలు మీద కూర్చుని, అలావుద్దీన్ చెప్పిన తల వంచుడూ పూలకుండీ చూపూ నచ్చక, బయటికి వేలు చూపించింది.

"షోకేసులో నీలం చీర ఆమె కూసున్నట్టు కూసోబెట్టు తాతా నన్ను."

అలావుద్దీన్ అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. గదుమ ఎత్తించాడు, దించాడు. రాలేదు. ఆ రోజు మంగళవారం. బయట షోకేసు ముందు నిలబడి తీర్పులు చెబుతున్న అవ్వకు లోపలి గోల వినబడి, తల వంచి గుమ్మంలోంచి వచ్చింది. పిల్లను పైనుంచి కిందిదాకా చూసి, కొంగు నడుముకు దోపుకుంది.

"అట్ల భయపడతా కూసుంటే ఎట్ల పాపా? లేయ్, మళ్ళా కూసో. ఊరంతా నీకోసరం బస్సు దిగి నిలబడుకోని ఉండాదనుకో. నువ్వు ఇంకా సూస్తాండావు, వాళ్ళకు కనపడల్నా వద్దా అని."